మూడు ఆటలు, ఆరు ముఖాల పాచికలు: జాన్ హార్పర్ పనితనం

టేబుల్‌టాప్ ఆర్పీజీ (బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్ర పోషిస్తూ కథ నడిపే ఆట) అనగానే చాలామంది ఇరవై ముఖాల పాచికలు, మూడు లావుపాటి పుస్తకాలు, రూల్సన్నీ కంఠతా పట్టిన ఒక స్నేహితుడు ఉండాలనుకుంటారు. అమెరికన్ డిజైనర్ జాన్ హార్పర్ ఆటలకు వీటిలో ఏదీ తప్పనిసరి కాదు. లూడోకు వాడే మామూలు పాచికలు పది పన్నెండు పోగేసుకుని, కొన్ని కాగితాలు ప్రింటు తీసుకుంటే ఆట మొదలుపెట్టేయొచ్చు. వన్ సెవెన్ డిజైన్ పేరుతో సొంతంగా ఆటలు తెచ్చే ఈయన రూల్సు రాయడంతో ఆగడు, పేజీ డిజైన్ కూడా తనే చేసుకుంటాడు. ఆ రెండో పనిలోనే అసలు కిటుకు ఉంది. హార్పర్ ఆటలో రూల్సు పుస్తకంలో దాక్కుని ఉండవు, ఆటగాడి ముందున్న షీటు మీదే ఉంటాయి. షీటును పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే సగం ఆట వచ్చేసినట్టే.

ఆయన ఆటల్లో మూడింటిని ఏ వరుసలో ఆడితే మంచిదో ఆ వరుసలోనే చూద్దాం. మొదటి రెండూ ఉచితం.

లేజర్స్ అండ్ ఫీలింగ్స్ 2013లో వచ్చింది. ది డబుల్‌క్లిక్స్ అనే సంగీత బృందం పాటల స్ఫూర్తితో పుట్టిన ఈ ఆట మొత్తం ఒకే పేజీ. రాప్టర్ అనే అంతరిక్ష నౌక, అందులో మీరే సిబ్బంది. కెప్టెన్‌ను ఏదో వింత మానసిక శక్తి ఆవహించి ఆయన మెడికల్ పాడ్‌లో పడి ఉన్నాడు, కాబట్టి నౌక బాధ్యత మీ మీద పడింది. పాత్రను తయారు చేసుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు: ఒక స్వభావం, ఒక ఉద్యోగం, 2 నుంచి 5 లోపు ఒక నంబరు, ఒక పేరు. ఆట నడిచేదంతా ఆ నంబరు మీదే. సాంకేతికం, తర్కం, నిబ్బరంగా చేసే పని అయితే అది లేజర్స్, నంబరు కంటే తక్కువ పడాలి. మాటకారితనం, మనసు, ఆవేశం అయితే అది ఫీలింగ్స్, నంబరు కంటే ఎక్కువ పడాలి.

మామూలుగా ఒక పాచిక. ముందే సిద్ధపడి ఉంటే ఇంకోటి, ఆ పనిలో నిపుణులైతే మరోటి. ఎన్ని పాచికలు గెలిస్తే ఫలితం అంత బాగుంటుంది: ఒక్కటీ గెలవకపోతే పరిస్థితి ముదురుతుంది, ఒకటైతే పని అవుతుంది గానీ ఏదో తిప్పలు తెచ్చిపెడుతుంది, రెండైతే శుభ్రంగా అవుతుంది, మూడైతే అదనంగా ఏదో కలిసొస్తుంది. సరిగ్గా మీ నంబరే పడితే జీఎంను (గేమ్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషిని) ఒక ప్రశ్న అడగొచ్చు, ఆయన నిజమే చెప్పాలి.

కొత్తవాళ్లు బోల్తా పడేది నంబరు ఎంపిక దగ్గర. 5 తీసుకున్న ఇంజినీరుకు ఒక్క పాచికతో లేజర్స్ పని ఆరింట నాలుగు సార్లు అవుతుంది. అదే మనిషి గ్రహాంతర రాయబారిని బుజ్జగించాలంటే 6 పడాల్సిందే, అంటే ఆరింట ఒక్కసారి. రాయబారి భాష ముందే కాస్త నేర్చుకున్నానని చెప్పి రెండో పాచిక సంపాదించినా, కనీసం ఒక ఆరు పడే అవకాశం 36లో 11 మాత్రమే. అందుకని బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా 4, 5 తీసుకుంటే మాటలతో గట్టెక్కాల్సిన ప్రతి సీనూ రచ్చవుతుంది. ఒకరైనా 2 గానీ 3 గానీ పెట్టుకోవాలి. జీఎంకు కథ కూడా ఆ పేజీలోనే దొరుకుతుంది. నాలుగు పట్టికల మీద పాచిక వేస్తే శత్రువు ఎవరు, ఏం చేయాలనుకుంటున్నాడు, దేన్ని, దానివల్ల ఏమవుతుంది అన్నవి వాక్యంలా వచ్చేస్తాయి. మొదటిసారి జీఎం కుర్చీలో కూర్చునేవాళ్లకు ఇంతకంటే తేలిక దారి కనబడదు. రెండు గంటలు నవ్వుకుంటూ ఆడొచ్చు. అదే పాత్రలతో నాలుగు వారాలు ఆడాలంటే మాత్రం సరుకు చాలదు. పాత్ర ఎదగడానికి రూల్సే లేవు.

లేడీ బ్లాక్‌బర్డ్ అంతకుముందు, 2009లో వచ్చింది. ఇందులో పాత్రలు చేసుకునే పనే లేదు, అయిదు పాత్రలు సిద్ధంగా ఉంటాయి. ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని, ఒకప్పటి ప్రియుడైన సముద్రదొంగల రాజును వెతుక్కుంటూ బయల్దేరిన ఒక దొరసాని. ఆమె అంగరక్షకురాలు. ఆమెను ఎక్కించుకున్న ది ఔల్ అనే ఓడ కెప్టెన్ సైరస్ వాన్స్, అతని మెకానిక్, ఒక గాబ్లిన్ పైలట్. ఆట మొదలయ్యేసరికి అందరూ సామ్రాజ్యపు యుద్ధనౌకలో ఖైదీలు. సముద్రమని పేరే గానీ ఓడలు తేలేది ఆకాశంలో.

ఇక్కడి ముచ్చటంతా కీస్ అనే రూల్‌లో ఉంది. క్లింటన్ నిక్సన్ చేసిన ది షాడో ఆఫ్ యెస్టర్‌డే అనే ఆట నుంచి హార్పర్ తెచ్చుకున్న ఆలోచన ఇది. కెప్టెన్ వాన్స్ షీటు మీద ఒక కీ ఉంటుంది: దొరసాని మీద మనసు పడుతోంది, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆ దాపరికం ఆటలో బయటపడబోయిన ప్రతిసారీ అతనికి అనుభవ పాయింట్లు. ఆశ వదులుకున్నా, అందరి ముందూ చెప్పేసినా ఆ కీ కొట్టేసి దాని బదులు రెండు మెట్లు పైకి ఎదగొచ్చు. అంటే పాత్ర మారే క్షణానికే ఆట ఎక్కువ వెల కడుతుంది. నటించడం రాదనుకునే సిగ్గరి ఆటగాడికి కూడా ఏం చేయాలో షీటే చెబుతుంది. పాయింట్లు కావాలంటే ఓరగా చూడక తప్పదు మరి.

పాచికల లెక్క ఇలా: మొదట ఒకటి, పనికి సరిపోయే లక్షణం ఉంటే ఇంకోటి, దాని పక్కన రాసిన ట్యాగుల్లో కలిసొచ్చేది ఒక్కోదానికి ఒక్కోటి. ఇవికాక చేతిలో ఏడు పాచికల నిల్వతో మొదలుపెడతారు, అందులోంచి ఎన్నైనా కలుపుకోవచ్చు. 4, 5, 6 పడ్డవి లెక్కలోకి వస్తాయి. తేలిక పనికి రెండు చాలు, గడ్డు పనికి అయిదు కావాలి. గెలిస్తే నిల్వలోంచి వేసినవి పోతాయి. ఓడితే అవి తిరిగి చేతికొస్తాయి, పైగా ఇంకోటి కలుస్తుంది. నిల్వ అడుగంటితే మళ్లీ నింపుకోవడానికి ఒక్కటే ప్రధాన మార్గం: ఇంకో పాత్రతో తీరిగ్గా మాట్లాడుకునే సీను. చాలా బృందాలు తప్పు చేసేది ఇక్కడే. ఒక పోరాటం మీద ఇంకో పోరాటం పెట్టుకుంటూ పోయి, మూడో గంటకు నిల్వ ఖాళీ అయ్యాక ఆట బాలేదంటారు. ప్రతి పెద్ద గండం తర్వాత జీఎం కాసేపు గడియారం ఆపి, ఇద్దరిద్దరిని మాట్లాడుకోనివ్వాలి.

ఇక బ్లేడ్స్ ఇన్ ద డార్క్. 2015లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు సమకూర్చుకుని, 2017లో ఎవిల్ హాట్ అనే ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకంగా వచ్చింది. హార్పర్ పేరు నిలబెట్టింది ఇదే. సూర్యుడు పగిలిపోయిన లోకం, చచ్చినవాళ్లు దెయ్యాలై తిరుగుతుంటే విద్యుత్ కంచెల మధ్య బతుకుతున్న డాస్క్‌వోల్ నగరం, అందులో దొంగల ముఠా మీది. ఈ లోకం ముందుగా ఘోస్ట్ లైన్స్ అనే చిన్న ఆటలో కనబడింది. అందులో రైలు పట్టాల మీద దెయ్యాలను తరిమే కూలీల పాత్రలు ఆడతారు. థీఫ్, డిస్‌ఆనర్డ్ లాంటి వీడియో గేములు, పీకీ బ్లైండర్స్, ది వైర్ లాంటి సీరియళ్లు తనకు స్ఫూర్తి అని హార్పర్ దాచుకోడు. పాచికల వెనకున్న ఆలోచనకు విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్‌ల అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటకు రుణపడి ఉన్నాడు. కానీ స్ఫూర్తుల పట్టిక ఎవరైనా రాసుకోవచ్చు. దొంగతనం సినిమాల్లో బాగుండే ముక్కలను ఒక్కొక్కటిగా రూల్సుగా మార్చడం ఇక్కడి గొప్ప.

మచ్చుకు సామాను సంగతి. పనికి బయల్దేరేటప్పుడు ఏం తీసుకెళ్తున్నారో చెప్పనక్కర్లేదు, బరువు ఎంతో చెబితే చాలు: తేలికైతే 3, మామూలైతే 5, ఎక్కువైతే 6. తాడు కావాల్సిన చోట తాడు ఉందని టిక్కు పెట్టుకోవడమే. అలాగే ఫ్లాష్‌బ్యాక్. కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చానని ఇప్పుడు చెప్పొచ్చు. తేలిగ్గా జరిగి ఉండే పనైతే ఖర్చు లేదు, కాస్త కష్టమైనదైతే 1 స్ట్రెస్ (పాత్ర మీద పేరుకునే ఒత్తిడి లెక్క), మరీ దూరాలోచన అయితే 2 లేదా ఇంకా ఎక్కువ. కాబట్టి గంటసేపు పథకాలు వేయడం ఈ ఆటలో శుద్ధ దండగ. దాడి, మోసం, చాటుగా చొరబడటం, మంత్రతంత్రం, పరిచయాలు, రవాణా అని పథకాలు ఆరు రకాలే. ఒకటి ఎంచుకుని, దానికి కావాల్సిన ఒక్క వివరం (చాటుగా అయితే ఎక్కడినుంచి లోపలికి పోతున్నారు) చెప్పి వెంటనే పాచికలు వేయాలి. ఆటగాళ్లు పథకం చర్చల్లో మునిగిపోతుంటే జీఎం మొహమాటపడకుండా ఆపేయాలి.

ఒక్క పందెం దగ్గరగా చూద్దాం. లర్క్ అనే చొరబాటుదారు గోదాము పైకప్పు మీద పాకుతూ పోతున్నాడు. ఏ పని రేటింగ్ వాడాలో ఆటగాడే చెబుతాడు: ప్రౌల్ (చాటుగా మెలగడం), అతనికి 2 ఉంది. పరిస్థితి ఎంత ప్రమాదం, ఫలితం ఎంత పెద్దది అన్నవి జీఎం చెబుతాడు: రిస్కీ, స్టాండర్డ్. రెండు పాచికల్లో పెద్దది చూస్తారు. 1 నుంచి 3 అయితే బెడిసింది, 4, 5 అయితే పని అయింది గానీ దెబ్బ తగిలింది, 6 అయితే శుభ్రం. రెండు పాచికలతో పూర్తిగా బెడిసే అవకాశం 25 శాతం, 6 పడే అవకాశం 31 శాతం దాకా. మిగిలిన 44 శాతం ఆ నడిమి ఫలితమే, ఆట రుచంతా అక్కడే. ఇక్కడ 4 పడింది. పైకప్పు దాటాడు గానీ పెంకు జారి పడింది. ‘కాపలా అప్రమత్తం’ అని ఆరు ముక్కల గడియారం (నిండితే ఆ ముప్పు నిజమయ్యే వృత్తం) గీసి జీఎం రెండు ముక్కలు నింపాడు. లర్క్ ఒప్పుకోలేదు, అడ్డుకుంటానన్నాడు. మూడు పాచికలు వేస్తే 2, 3, 5 పడ్డాయి. ఆరులోంచి పెద్దది తీసేస్తే మిగిలింది 1, అంత స్ట్రెస్. పెంకును గాల్లోనే అందుకున్నాడు, గడియారం వెనక్కి పోయింది. పెద్దది 2 అయి ఉంటే 4 స్ట్రెస్ పడేది, మొత్తం ఉన్నది తొమ్మిది గళ్లే. అవి నిండితే ఒక ట్రామా, అంటే మానని మానసిక గాయం. నాలుగు ట్రామాలు పేరుకుంటే ఆ పాత్ర ఈ బతుకుకు స్వస్తి చెప్పాల్సిందే.

ఇలా అడ్డుకోవచ్చని కొత్త ఆటగాళ్లకు గుర్తుండదు. జీఎం చెప్పిన దెబ్బ ఖాయమనుకుని ఊరుకుంటారు, రెండు సెషన్లకే పాత్రలు పుండైపోతాయి. మొదటి రోజు ప్రతి దెబ్బ తర్వాత ‘ఒప్పుకుంటావా, అడ్డుకుంటావా?’ అని జీఎం అడుగుతూ ఉంటే ఈ సమస్య ఉండదు. ఇంకో పొరపాటు గడియారాల పిచ్చి. తలుపు తీయడానికొకటి, కుక్కను మచ్చిక చేసుకోవడానికొకటి గీస్తూ పోతే బల్లంతా వృత్తాలే. ఒక్క పందెంతో తేలేదానికి గడియారం అవసరం లేదు. ఒక పనికి రెండు మూడు చాలు. స్టాండర్డ్ ఫలితానికి రెండు ముక్కలు నిండుతాయి కాబట్టి ఎనిమిది ముక్కలంటే నాలుగు పందేలు, ఆ లెక్క మనసులో పెట్టుకుని గీయాలి.

పుస్తకంలో బలహీనమైన భాగం, మొహమాటం లేకుండా చెప్పాలంటే, పని ముగిశాక వచ్చేది. పోలీసుల వేడి, చిక్కులు, ముఠా స్థాయి, పదుల కొద్దీ వర్గాలతో సంబంధాలు, వ్యసనం, గాయాల చికిత్స, సొంత ప్రాజెక్టులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మొదటి సెషన్‌లో వేడి, వ్యసనం మాత్రం చేసి, మిగిలినవి తర్వాతి వారాలకు వదిలేయడం మేలు. స్ట్రెస్ తగ్గించుకోవడానికి వేసే వ్యసనం పాచికలో పడ్డ పెద్ద అంకె ఉన్న స్ట్రెస్‌ను మించితే అతి చేసినట్టు లెక్క, దానికి వేరే తిప్పలు. అందుకని 2, 3 స్ట్రెస్‌కే పరిగెత్తకుండా 5, 6 అయ్యేదాకా ఆగడం తెలివి. ముందే అల్లిన కథ చేతిలో ఉంటేనే నడపగలిగే జీఎంకు కూడా ఈ పుస్తకం కొంచెం బరువే. డాస్క్‌వోల్ వివరాలు బోలెడు ఉంటాయి గానీ, కథ మాత్రం ఆటగాళ్లు ఎవరి జేబు కొడదామంటే అక్కడినుంచే పుడుతుంది.

తెలుగులో ఆడేవాళ్లకు ఒక చిక్కు ఉంది, చిన్నదే. పన్నెండు పనుల పేర్లలో కమాండ్, స్వే, కన్సార్ట్ మూడూ మాటలతో చేసేవే, ఇంగ్లీషులోనే కలగాపులగం అవుతాయి. గదమాయించడం, బుట్టలో వేసుకోవడం, చనువు కలుపుకోవడం అని షీటు మీద పెన్నుతో రాసేస్తే గొడవ తీరుతుంది. ఫినెస్‌కు ‘చేతివాటం’ అచ్చంగా అతుకుతుంది. దెయ్యాల లోకంతో మనసు కలిపే అట్యూన్‌కు మాత్రం ‘ఆవాహన’ అన్నా పూర్తిగా కుదరదు, దాన్ని అలాగే ఉంచేయడం నయం. బ్లేడ్స్ మూల నియమాల పాఠం ఉచితంగా దొరుకుతుంది, క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 3.0 లైసెన్సుతో ఉంది కాబట్టి హార్పర్ పేరు, లైసెన్సు వివరం వేసి దాన్ని ఎవరైనా తెలుగులోకి తేవచ్చు, దాని మీద సొంత ఆట కట్టి అమ్ముకోవచ్చు కూడా. స్కమ్ అండ్ విలనీ, బ్యాండ్ ఆఫ్ బ్లేడ్స్ లాంటివి ఈ చట్రం మీద లేచినవే.

గ్రీకు ద్వీపాల వీరుల ఆట ఆగాన్ ఒకటి మిగిలింది. 2006లో వచ్చిన దాన్ని షాన్ నిట్నర్‌తో కలిసి 2020లో కొత్తగా తిరగరాశాడు. గొప్ప కోసం ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడటం ఇష్టమైతేనే దాని జోలికి వెళ్లండి.

కొనేముందు: బ్లేడ్స్‌కు పీడీఎఫ్ సరిపోతుంది. ఆటలో చేతికి కావాల్సింది షీట్లే, అవి విడిగా ఉచితంగా దొరుకుతాయి. ముగ్గురు నలుగురు ఆటగాళ్లు, ఒక జీఎం అయితే చక్కగా నడుస్తుంది. అయిదుగురు దాటితే ఒక్కొక్కరి వంతు రావడానికే పది నిమిషాలు. షీట్లు అమెరికా లెటర్ సైజులో ఉంటాయి, 216 మిల్లీమీటర్ల వెడల్పు. మన ఏ4 వెడల్పు 210. జిరాక్స్ షాపులో ‘యాక్చువల్ సైజ్’ మీద తీస్తే అంచున ఉన్న గళ్లు తెగిపోతాయి. ‘ఫిట్ టు పేజ్’ పెట్టమని చెప్పి, ముఠా షీటును మాత్రం కొంచెం మందమైన కాగితం మీద తీయించండి. చెరిపి రాసేది దాని మీదే ఎక్కువ.