సాఫ్ట్‌బాల్ పిల్లలకు ఫీల్డింగ్‌లో ఫేస్ మాస్క్: వేస్తే మేలా, వేయకపోతే మేలా?

బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆటలో బ్యాటింగ్‌కు వచ్చిన అమ్మాయి ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ ఉంటుంది. ఆమె వెనక కూర్చున్న క్యాచర్‌కు మాస్క్, ఛాతీ కవచం, కాళ్లకు గార్డులు అన్నీ ఉంటాయి. వాళ్లిద్దరికీ ఎదురుగా 43 అడుగుల దూరంలో నిలబడి బంతి విసిరే పిచర్‌కు మాత్రం చాలా లీగుల్లో ఏదీ తప్పనిసరి కాదు. అమెరికా హైస్కూల్ సాఫ్ట్‌బాల్‌లో బ్యాటింగ్ హెల్మెట్‌కు ముఖ కవచం ఉండి తీరాలని 2006లోనే నిబంధన వచ్చింది. ఫీల్డింగ్ చేసేవాళ్లకు మాత్రం మాస్క్ వేసుకోవచ్చని అనుమతి ఉందే తప్ప వేసుకోవాలని లేదు. అందుకే ఈ నిర్ణయం తల్లిదండ్రుల మీద, కోచ్ మీద, చాలాసార్లు పదేళ్ల పిల్ల మీదే పడుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిచర్, ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ (పరుగు తీసే దారిలో బ్యాటర్‌కు దగ్గరగా ఉండే రెండు మూలలు): ఈ మూడు చోట్ల ఆడే పిల్లలకు మాస్క్ ఉండాల్సిందే. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల చుట్టుపక్కల, ఆడే మిగతావాళ్లకు ఉంటే మంచిది. బేస్‌ల వెనక దూరంగా ఉండే అవుట్‌ఫీల్డ్ సంగతి వేరు, అది చివర్లో చెబుతాను. అయితే మాస్క్ వద్దనేవాళ్ల మాటల్లోనూ కొంత నిజం ఉంది. దాన్ని కొట్టిపారేయకుండా పక్కపక్కన పెట్టి చూద్దాం.

దూరం, సమయం

బేస్‌బాల్‌లో పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య 60 అడుగుల 6 అంగుళాల దూరం ఉంటుంది. సాఫ్ట్‌బాల్‌లో పెద్ద పిల్లలకు 43 అడుగులు, పన్నెండేళ్ల లోపు వాళ్లకు 40, పదేళ్ల లోపు వాళ్లకు 35. బంతి మాత్రం బేస్‌బాల్ కంటే పెద్దది, బరువైనది. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు ఉంటే, 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న సాఫ్ట్‌బాల్ 177 నుంచి 198 గ్రాముల దాకా ఉంటుంది. ఒకే వేగంతో వస్తే దేని దెబ్బ ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు.

చేతిని గుండ్రంగా తిప్పి బంతి వదిలే ఊపులో పిచర్ ఒక పెద్ద అడుగు ముందుకు వేస్తుంది. దాంతో 43 అడుగులు కాస్తా 37, 38కి తగ్గుతాయి. బ్యాట్‌కు తగిలిన బంతి గంటకు 60 మైళ్ల వేగంతో నేరుగా వెనక్కి వచ్చిందనుకోండి. అంటే సెకనుకు 88 అడుగులు. పిచర్ ముఖం దాకా రావడానికి 0.42 సెకను చాలు. 70 మైళ్లయితే 0.36. కంటికి కనపడినదానికి చెయ్యి కదలడం మొదలవ్వడానికే పెద్దవాళ్లకు సెకనులో అయిదో వంతుకు పైగా పడుతుంది, పిల్లలకు ఇంకాస్త ఎక్కువ. మిగిలిన ఆ కొద్ది సమయంలోనే గ్లవ్ కింది నుంచి ముఖం దాకా లేవాలి. పైగా బంతి వదిలిన క్షణంలో పిచర్ శరీరం ఫీల్డింగ్‌కు సిద్ధంగా ఉండదు. బరువంతా ముందు కాలి మీద ఉంటుంది, గ్లవ్ ఉన్న చెయ్యి ఎక్కడో పక్కన వేలాడుతుంటుంది.

చిన్నపిల్లలు అంత గట్టిగా కొట్టలేరు కదా అంటారు. నిజమే, కానీ వాళ్ల మధ్య దూరం కూడా తక్కువే. 35 అడుగుల మైదానంలో గంటకు 45 మైళ్ల బంతి పిచర్‌ను చేరడానికి పట్టేది అర సెకనుకు కాస్త తక్కువ. పెద్ద పిల్లల కంటే అదనంగా దొరికేది కనురెప్పపాటు కూడా కాదు, వీళ్ల చేతులకేమో అంత చురుకు ఇంకా రాలేదు.

థర్డ్ బేస్ గురించి జనం తక్కువ మాట్లాడతారు గానీ నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు ఉన్నా ఆ అమ్మాయి బేస్ దగ్గరే నిలబడదు. బ్యాటర్ బంట్ (బంతిని మెల్లగా తాకించి దగ్గర్లోనే పడేయడం) చేసేలా బ్యాట్ అడ్డంగా పెట్టగానే ముందుకు పరిగెత్తుకొస్తుంది. అదే క్షణంలో బ్యాటర్ బ్యాట్ వెనక్కి లాగి పూర్తిగా ఊపిందంటే, థర్డ్ బేస్ పిల్ల 40 అడుగుల లోపల, ముందుకు కదులుతూ, తల కిందికి వంచి దొరికిపోతుంది. ఫస్ట్ బేస్‌లోనూ అంతే. షార్ట్‌స్టాప్‌కు (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), సెకండ్ బేస్‌కు కొంచెం దూరం కలిసొస్తుంది గానీ, గరుకు నేల మీద ఒక్కసారిగా ఎగిరే బంతి నుంచి వాళ్లకూ రక్షణ లేదు. నేలబంతి కోసం మోకాళ్లు వంచి, ముఖం దించి, కళ్లు బంతి మీదే పెట్టమని మనమే నేర్పిస్తాం. చిన్న రాయి తగిలి బంతి దారి మారితే నేరుగా తగిలేది ఆ ముఖానికే.

వద్దనేవాళ్లు చెప్పేవి

మొదటిది, చూపుకు అడ్డం. ఇది కల్పించి చెప్పేది కాదు. మాస్క్ కొత్తగా పెట్టుకున్న పిల్లలకు కాళ్ల దగ్గరి బంతి కాసేపు సరిగ్గా కనపడదు. అయితే నేను గమనించినంతవరకు ఈ ఫిర్యాదులో ఎక్కువ భాగం సైజు కుదరని మాస్క్ వల్ల వచ్చేదే. పెద్దవాళ్ల సైజు మాస్క్ చిన్నపిల్లకు తగిలిస్తే, తల తిప్పినప్పుడల్లా అది జారి ఒక తీగ సరిగ్గా కంటికి అడ్డం వస్తుంది. గడ్డం దగ్గర కప్పు సరిగ్గా కూర్చుని, నుదుటి మెత్త కదలకుండా ఉంటే, కొద్ది ప్రాక్టీసుల్లోనే తీగలు ఉన్న సంగతే మర్చిపోతారు. ఐస్ హాకీలోనూ ఒకప్పుడు ఇదే వాదన నడిచింది. 1959 నవంబరులో జాక్ ప్లాంట్ అనే గోల్‌కీపర్ ముఖం చీలి, కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకుంటేనే మళ్లీ ఐస్ మీదికి వస్తానన్నాడు. చూపు తగ్గుతుందని ఆయన కోచ్‌కు అది ఇష్టం లేదు. ఆ సీజన్‌లోనే ఆ జట్టు, మాంట్రియల్ కెనేడియన్స్, స్టాన్లీ కప్ గెలిచింది.

రెండోది, మాస్క్ ఉందన్న ధైర్యంతో పిల్లలు టెక్నిక్ నేర్చుకోరని. దీనికి నేను ఒప్పుకోను. భయపడే పిల్ల బంతి దగ్గరికి రాగానే ఏం చేస్తుందో ఏ కోచ్‌ను అడిగినా చెబుతారు: తల పక్కకి తిప్పేస్తుంది. తల తిప్పితే బంతి కనపడదు, గ్లవ్ తప్పు చోటికి పోతుంది, దెబ్బ చెవి మీదో కణత మీదో పడుతుంది. మాస్క్ ఉన్న పిల్ల తల కదపకుండా బంతి గ్లవ్‌లో పడేదాకా చూస్తుంది. మనం నేర్పాలనుకునే టెక్నిక్ అదే కదా.

మూడోది, పెద్ద బంతి కాబట్టి కంటిలోకి పోదు, కన్ను సురక్షితం అనే మాట. ఇది వినడానికి బాగున్నా తప్పు. సాఫ్ట్‌బాల్ వ్యాసం పది సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, అంటే కనుగుంత కంటే చాలా పెద్దది. కానీ కనుగుంత కంటే పెద్ద వస్తువు బలంగా తగిలినప్పుడే లోపలి ఒత్తిడి పెరిగి గుంత అడుగున ఉండే పలచటి ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది. ఒకటి రెండుగా కనపడటం, కన్ను పైకి తిప్పలేకపోవడం దాని లక్షణాలు. ముక్కు ఎముక, చెంప ఎముక, ముందరి పళ్లు సరేసరి. పిల్లల ముఖం ఎముకలు ఇంకా పెరిగే వయసులో ఉంటాయి, కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను ఊడితే దాని బదులు మరొకటి రాదు.

ఉక్కపోత, చెమట, జడకు అడ్డం పడే పట్టీలు కూడా ఇబ్బందులే. కానీ వాటిని మంచి డిజైన్‌తో తగ్గించుకోవచ్చు.

మాస్క్‌కు బదులు ఇంకేమైనా ఉందా?

స్పోర్ట్స్ గాగుల్స్, నోటిలో పెట్టుకునే మౌత్‌గార్డ్ కలిపి వాడొచ్చని కొందరంటారు. ఇది మాస్క్ కంటే తేలిక, చూపు బాగుంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘం కలిసి ఇచ్చిన సూచనల్లో సాఫ్ట్‌బాల్ కంటి గాయాల ప్రమాదం ఎక్కువగా ఉన్న ఆటల్లో ఉంది. ఆటకోసం చేసిన పాలికార్బనేట్ కళ్లద్దాలు కంటిని బాగానే కాపాడతాయి. రోజూ పెట్టుకునే కళ్లజోడుతో మాత్రం ఆడనివ్వకండి, దెబ్బ తగిలితే ఫ్రేమే గాయం చేస్తుంది. మౌత్‌గార్డ్ పళ్లను, పెదాలను కాపాడుతుంది. ఈ రెంటి మధ్యా ముక్కు, చెంపలు ఖాళీగా మిగిలిపోతాయి. అందుకే పిచర్‌కు ఇది సరిపోదు, దూరంగా ఉండేవాళ్లకు సరిపోతుంది. ఒక కన్ను మాత్రమే బాగా పనిచేసే పిల్లలు ఏ స్థానంలో ఆడినా కంటి రక్షణ లేకుండా మైదానంలోకి దిగకూడదు.

బ్యాట్లకు పరిమితి పెడితే చాలదా అనేది మరో వాదన. పరిమితులు ఉన్నాయి. ఇప్పుడు యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ అని పిలిచే సంస్థ, బ్యాట్ నుంచి వచ్చే బంతి వేగం గంటకు 98 మైళ్లు దాటకూడదనే ప్రమాణంతో బ్యాట్లను పరీక్షిస్తుంది. ఆ పరిమితి లోపలే 70, 80 మైళ్లకు ఎంత చోటుందో చూడండి. చిన్నపిల్లల ప్రాక్టీసుకు మెత్తటి బంతులు మంచివే, కానీ మ్యాచ్ రోజు మామూలు బంతే వస్తుంది.

ఉక్కు తీగల జాలీయా, పారదర్శక ప్లాస్టిక్కా?

ఫీల్డింగ్ మాస్కుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఉక్కు తీగలది కాస్త బరువు, కానీ గాలి ఆడుతుంది, ఆవిరి పట్టదు, వంగితే వెంటనే తెలుస్తుంది. పాలికార్బనేట్‌ది కంటికి తెరిపిగా ఉంటుంది. కానీ తేమ గాలిలో మసకబారుతుంది, దుమ్ము తుడిచిన ప్రతిసారీ సన్నటి గీతలు పడతాయి, సాయంకాలం లైట్ల కింద ఆ గీతలే మెరుస్తాయి. దాన్ని ఘాటైన క్లీనర్లతో తుడవకూడదు, పదార్థం బలహీనపడి చీలుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే పిల్లకు ముక్కు దగ్గర ఖాళీ ఎక్కువున్న తీగల మాస్క్ నయం. వేడి, తేమ ఉన్న చోట కూడా నేను తీగలదే తీసుకోమంటాను. పొడిగాలి ఉన్న చోట, తీగలు చూసి చికాకుపడే పిల్లకు పారదర్శకం తీసుకున్నా తప్పులేదు. పదేళ్ల లోపువాళ్లు ఆడే 11 అంగుళాల బంతి చిన్నది కాబట్టి, కొనేముందు బంతిని జాలీ సందుల మీద పెట్టి చూడండి. అది లోపలికి చొచ్చుకుని కంటిని గానీ ముక్కును గానీ తాకేలా ఉంటే ఆ మాస్క్ వద్దు.

ఏ రకమైనా అది కాపాడేది ముఖాన్నే. నెత్తి, కణతలు, గొంతు బయటే ఉంటాయి. 1998లో ఢాకాలో బ్యాటర్‌కు దగ్గరగా హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్ చేస్తూ తలకు బంతి తగిలి చనిపోయిన క్రికెటర్ రమణ్ లాంబా మన పాఠకుల్లో చాలామందికి గుర్తుంటాడు. ముఖం ముందు ఉండే మాస్క్ అలాంటి దెబ్బను ఆపగలిగేది కాదు. మెదడు అదురును కూడా ఆపుతుందని నమ్మకూడదు. మాస్క్ మీద గట్టి దెబ్బ తగిలాక పిల్ల తలనొప్పి అన్నా, తూలినా, వాంతి చేసుకున్నా, అయోమయంగా మాట్లాడినా ఆరోజుకు ఆట ఆపేసి డాక్టర్‌కు చూపించాలి.

ఎవరు నిర్ణయించాలి?

నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇది. పిల్లలు మాస్క్ వద్దనేది చాలాసార్లు చూపు కోసం కాదు. జట్టులో తానొక్కతే వేసుకుంటే పిరికిదానిలా కనిపిస్తాననే బెరుకు వల్ల. అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో టాప్ జట్ల ఇన్‌ఫీల్డర్లు, పిచర్లు చాలామంది మాస్కులతోనే ఆడతారు. ఆ మ్యాచ్‌లు పిల్లలకు చూపిస్తే బెరుకు సగం పోతుంది. మిగతా సగం పోవాలంటే అది జట్టు నియమం కావాలి. పిచర్, ఫస్ట్, థర్డ్ స్థానాల్లో ఎవరు నిలబడినా మాస్క్‌తోనే అని కోచ్ మొదటి రోజే చెప్పేస్తే పిల్ల మీద ఆ బరువు ఉండదు. 'నీ ఇష్టం' అని పదకొండేళ్ల పిల్లకు వదిలేయడం స్వేచ్ఛ ఇచ్చినట్టు కనిపిస్తుంది, కానీ స్నేహితుల ముందు ఆమెను ఒంటరిని చేస్తుంది.

ఇక అవుట్‌ఫీల్డ్. ఇక్కడ వద్దనేవాళ్ల వైపే నేను కొంచెం మొగ్గుతాను. బంతి చాలా పైనుంచి వస్తుంది, చూడటానికి సమయం ఉంటుంది. తల ఎత్తి పరిగెత్తేటప్పుడు పై తీగ బంతికి అడ్డొచ్చే అవకాశమూ ఉంది. గాగుల్స్, మౌత్‌గార్డ్ చాలు. కానీ చిన్నపిల్లల జట్లలో ఒకే పిల్ల రెండు ఇన్నింగ్స్ అవుట్‌ఫీల్డ్‌లో, రెండు థర్డ్ బేస్‌లో ఆడుతుంది. అలాంటప్పుడు మాస్క్ బెంచ్ మీద మర్చిపోవడం కంటే మొత్తం ఆటంతా పెట్టుకునే ఉండటం నయం.

మ్యాచ్‌కే మాస్క్, ప్రాక్టీసుకు అక్కర్లేదు అనుకోవద్దు. బంతులు ఎక్కువగా వచ్చేది ప్రాక్టీసులోనే, అదీ ఒకేసారి రెండు మూడు వైపుల నుంచి. ఇన్నేళ్లూ మాస్క్ లేకుండా ఆడిన పద్నాలుగేళ్ల అమ్మాయికి అలవాటు చేయాలంటే ముందు క్యాచింగ్‌తో మొదలుపెట్టండి, తర్వాత నెమ్మది నేలబంతులు, తర్వాత పైకెగిరే బంతులు, చివరికి గట్టిగా కొట్టినవి. ప్రతి వారం పట్టీలు, అతుకులు చూడండి. తీగ వంగినా, ప్లాస్టిక్‌లో చీలిక కనిపించినా బాగుచేసే ప్రయత్నం చేయకుండా కొత్తది తీసుకోండి.