ఓడ దిగిన చోటు నుంచి ఊరెంత దూరం?

గత మే నెలలో నేనూ మా ఆవిడా రోమ్ రేవులో ఓడ ఎక్కి పది రాత్రులు మధ్యధరా సముద్రంలో తిరిగి వచ్చాము. టికెట్టు మీద రోమ్ అని ఉన్నా ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ నగరం 70 కిలోమీటర్ల పైమాటే. ఫ్లారెన్స్ రేవుగా చెప్పే లివోర్నో కూడా అంతే, ఆ నగరానికి దాదాపు 90 కిలోమీటర్లు. ఓడవారి బస్సులో ఫ్లారెన్స్ వెళ్ళిన రోజున మూడు గంటలకు పైగా దారిలోనే గడిచిపోయి, పెద్ద చర్చి గుమ్మటాన్ని బయటి నుంచి చూసి తిరిగి రావలసి వచ్చింది. లివోర్నో నుంచి రైలులో ఇరవై నిమిషాలైనా పట్టని పీసాకు వెళ్ళి ఉంటే ఆ రోజు దక్కేది. అయితే ఓడవారి టూరుతో వెళ్ళినప్పుడు మనం ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు. దూరప్రాంతాలకు ఓడవారి టూరుకు ఇచ్చే ఎక్కువ ధర, ఓడ తప్పిపోతుందన్న భయానికి కట్టే రుసుము అనుకోవాలి.

నేపుల్స్‌లో ఆ బెడద లేదు. రేవు దాటగానే ఎదురుగా కోట, దాని వెనుకే ఊరు. గారిబాల్డి స్టేషన్ నుంచి నలభై నిమిషాల లోకల్ రైలు ప్రయాణంతో పాంపేయి చేరుకున్నాము. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పేసిన ఆ ఊరి వీధుల్లో, జనం కాలు తడవకుండా దాటడానికి ఎత్తుగా పరచిన రాళ్ళూ, వాటి మధ్య నుంచి సాగిన బండి చక్రాల జాడలూ నన్ను గుళ్ళకంటే, మేడలకంటే ఎక్కువసేపు నిలబెట్టాయి. నీడ మాత్రం చాలా తక్కువ. టోపీ, నీళ్ళ సీసా మరిచిపోతే కష్టం.

గ్రీసు దీవి శాంటోరినిలో చిన్న పడవల మీద కొండ అడుగుకు చేర్చారు. పైకి కేబుల్ కారులో వెళ్ళాము, కిందికి దిగే కేబుల్ కారు కోసం నిలబడ్డ వరుస గంటకు పైగా కదలక 588 మెట్లూ నడిచి దిగాము. గాడిదల పేడ మీద కాలు జారకుండా చూసుకోవడమే సరిపోయింది. ఏథెన్స్ రేవు పైరేయస్ నుంచి ఆ నగరానికి మెట్రో అరగంటే కనుక అక్కడ టూరు అనవసరం, కొండ మీది పురాతన గుళ్ళ చోటు అక్రోపోలిస్‌కు టికెట్టు ముందుగా, వెళ్ళే గంట ఎంచుకుని తీసుకుంటే చాలు.

మా ఇద్దరికీ అన్నిటికంటే నచ్చింది మాల్టాలోని వలెట్టా. ఓడ తెల్లవారుజామున రెండు వైపులా తేనెరంగు కోటగోడల మధ్య నుంచి రేవులోకి ప్రవేశిస్తుంది. ఆ ఒక్క పూటకైనా నిద్ర మానుకుని డెక్ మీదికి రావాలి. రేవు దగ్గర నుంచి 58 మీటర్ల లిఫ్టు నేరుగా ఊరి అంచున ఉన్న తోటలోకి ఎక్కిస్తుంది. ఊరంతా కలిపి ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు కనుక గడియారం చూసుకోకుండా తిరిగాము. సెయింట్ జాన్ చర్చిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన, సెయింట్ జాన్ తల నరికే చిత్రం ఎదుట అరగంట కూర్చున్నాము. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే, ఆ సంతకం కూడా నేల మీద పారిన రక్తంలో రాసినట్టు ఉంటుంది. తోట కింద ఫిరంగులు మధ్యాహ్నం పన్నెండుకూ, మళ్ళీ నాలుగుకూ పేలుస్తారు. మొదటిది పైనుంచి జనంలో నిలబడి చూశాము. రెండోది పేలే వేళకు ఓడ డెక్ మీద టీ తాగుతున్నాము.