పులికాట్‌లో పెద్ద లెన్సు, సూళ్లూరుపేటలో ఒక్క ప్లగ్గు

లెన్సు అద్దెకి తెచ్చుకునేవాళ్లు డబ్బు ఇవ్వకముందే షాపాయన కళ్లెదుట ముందూ వెనకా, హుడ్డుతో (లెన్సు ముందు తగిలించే గొట్టం) సహా వీడియో తీసుకోండి. నేను తీసుకున్నాను. అయినా తిప్పలు తప్పలేదు. నేలపట్టు, పులికాట్ సరస్సు దగ్గర పక్షుల ఫొటోలు తీద్దామని పోతూ నెల్లూరులో తెచ్చుకున్న 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుకి రోజుకి 900 అద్దె, 10,000 డిపాజిట్. తిరిగిచ్చేటప్పుడు హుడ్డు మీద గీత వుందని 1,500 పట్టుకుంటానన్నాడు. వీడియో చూపిస్తే "దీంట్లో సరిగ్గా తెలియడంలా మేడమ్" అన్నాడు. అరగంట వాదిస్తే వెయ్యి వెనక్కిచ్చి, మిగిలిన 500 'క్లీనింగ్ చార్జీ' అని కొత్త పేరు పెట్టాడు. బయట కార్లో కూర్చున్న మా ఆయన హారన్ కొట్టబట్టి వదిలేశాను గానీ, ఆ 500 నాకింకా కడుపులో రగులుతానే వుంది.

పోనీ లెన్సన్నా బాగా పనిచేసిందా? నాది కెనాన్ ఆర్7 కెమెరా. అద్దె లెన్సు పాత డీఎస్ఎల్ఆర్‌ల కోసం చేసింది కాబట్టి మధ్యలో అడాప్టర్ (రెంటినీ కలిపే రింగు) వెయ్యాలి. "బ్రహ్మాండంగా పట్టుద్ది" అన్నాడు. కొమ్మ మీద కూర్చున్న పక్షిని పట్టింది, కాదనను. ఎగిరేదాన్ని చూపిస్తే మాత్రం ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగతానే వుంది, ఈలోపు పక్షి చెరువు దాటిపోయింది. చేతిలో రెండు కిలోల బరువు వేరే. నా సొంత 100-400 బరువు 635 గ్రాములే. ఆర్7 సెన్సర్ చిన్నది కాబట్టి 400 కాస్తా 640 లెక్కన దగ్గరగా కనపడుతుంది. చీకటిగా వుంటే కష్టం, జూమ్ కొస దగ్గర ఎఫ్8, అంటే లోపలికి వెలుగు తక్కువ. కానీ ఎగిరే పక్షి మీద ఫోకస్ అంటుకుని వుంటుంది. రెండో రోజు నుంచి అద్దె లెన్సు సంచిలోనే వుంది, అద్దె మాత్రం నడిచింది.

మా తమ్ముడిది నికాన్ పీ1000. లెన్సు మార్చే పని లేదు, 3000 దాకా జూమ్, మొత్తం కలిపి కిలోన్నర లోపే. లోపలి సెన్సర్ చిటికెనవేలి గోరంత. "అక్కా, నువ్వు లెన్సు బిగించేలోపు నేను కన్ను దాకా తీసేశా" అని దారి పొడుగునా ఒకటే గొప్పలు.

మొదట నేలపట్టు పక్షుల కేంద్రం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది తిరుపతి జిల్లాకి పోయింది గానీ, నెల్లూరోళ్లు ఇంకా మావే అంటారు, నేనూ అదే అంటాను. నెల్లూరు నుంచి హైవే మీద గంటన్నర పైచిలుకు, దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా వుంటాయి. టవర్ ఎక్కితే గూళ్లు దాదాపు కంటికెదురుగా వస్తాయి.

తెల్లవారుజామున తమ్ముడి కెమెరా చేతులెత్తేసింది. ఫొటోల నిండా మచ్చలే. ఎండ బాగా వచ్చాక కథ తిరగబడింది. కూర్చున్న గూడబాతు ముక్కు మీది చుక్కలు, కింద వేలాడే సంచీ మీది గీతలు వాడికి వచ్చినంత బాగా నాకు రాలేదు. ఒప్పుకున్నాను, ఒకసారే. అదే పక్షి రెక్క విప్పితే వాడి ఫ్రేములో ఖాళీ ఆకాశం మిగిలేది. నాకేమో సెకనుకి 15 ఫొటోల చొప్పున వరసగా పడేవి. ఆర్7 వాడేవాళ్లకి ఒక మాట: సెకనుకి 30 వస్తాయని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకోకండి, వేగంగా కొట్టే రెక్కలు వంకర తిరుగుతాయి. మెకానికలే మేలు.

ఇక్కడ వెనక చెట్లు నల్లగా, పక్షి తెల్లగా వుంటుంది. కెమెరా చెట్లని చూసి వెలుగు పెంచేసి ఈకల్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. ఎక్స్‌పోజర్ ముప్పావు మెట్టు దించాను. మర్నాడు పులికాట్‌లో దానికి సరిగ్గా ఎదురు: నీళ్లు మెరుస్తుంటే పక్షి నల్లబడింది, పెంచాల్సి వచ్చింది.

బస సంగతి. మొదటి రాత్రి నెల్లూరులో ఏసీ గది 1,600. శుభ్రం, వేడినీళ్లు, కింద హోటల్లో కారం దోసె 60. కానీ పొద్దున నాలుక్కి బయల్దేరాలి, మా ఆయన "బాతుల కోసం బతుకంతా నిద్ర మానుకోవాలా" అని నాయుడుపేట దాకా మాట్లాడలేదు. రెండో రాత్రికి సూళ్లూరుపేటలో లాడ్జి చూసుకున్నాం. ఫోన్లో 900 అన్నాడు, పోయాక 1,300. జనవరిలో ఫ్లెమింగో పండగ రోజుల్లో అయితే ఇంకా పెంచుతారంట. గదిలో ప్లగ్గులు మూడు, పనిచేసేది ఒకటి. అది కూడా బాత్రూం పక్కన, దోమల మందు గుచ్చిన చోట. రెండు కెమెరాల బ్యాటరీలు, మూడు ఫోన్లు, ఒక లాప్‌టాప్. కుర్రాణ్ని ఎక్స్‌టెన్షన్ బాక్స్ అడిగితే "టీవీ ప్లగ్గు తీసేసుకోండక్కా" అన్నాడు. తీసి పెడితే అది పనిచెయ్యదు! రాత్రంతా దోమలకీ బ్యాటరీలకీ మధ్య ఒప్పందం కుదర్చడమే సరిపోయింది. మా ఆయన పొద్దున్నే చెంగాళమ్మ గుడికి పోయి అక్కడే ప్రశాంతంగా కూర్చున్నాడు.

అయినా సరే, సూళ్లూరుపేటలోనే దిగమంటాను. మల్టీప్లగ్గు మీరే తీసుకుపోండి. ఎందుకంటే శ్రీహరికోట రోడ్డు మీదికి ఎండ ఎక్కకముందే చేరాలి. రెండువైపులా పులికాట్ నీళ్లు, పలచటి నీళ్లలో రాజహంసల (ఫ్లెమింగోల) బారులు. తొమ్మిది దాటాక నీటి మీద నుంచి వేడిగాలి లేచి పక్షులన్నీ వణుకుతున్నట్టు కనపడతాయి. అప్పుడు 600 అయినా 3000 అయినా ఆ వణుకునే పెద్దది చేసి చూపిస్తుంది. ఎడిటింగులో షార్ప్‌నెస్ ఎంత తోసినా ఉపయోగం లేదు. లెన్సు అద్దెకి పోసే డబ్బు దగ్గర్లో గదికి పొయ్యండి. కారు పూర్తిగా పక్కకి తీసి ఆపుకోండి, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు మంచి వేగంలో వస్తాయి.

తిరుగుదారిలో నెల్లూరులో చేపల పులుసు తిన్నాం. మామిడికాయ ముక్క పడ్డ పులుసు, భోజనం 220. మా ఆయన ముఖంలో అప్పటికి గానీ నవ్వు రాలేదు. రెండోసారి పులుసు అడిగితే మొహం చిట్లించకుండా పోశారు.

ఇంటికొచ్చాక ఎడిటింగు తగవు. నేను 'రా' (RAW) ఫైళ్లు తీస్తాను, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు వుంచేవి; తమ్ముడు కెమెరానే కుదించి ఇచ్చే జేపీఈజీ. చీకట్లో 6400 ఐఎస్ఓలో (వెలుగు చాలనప్పుడు పెంచే మీట, పెంచితే మచ్చలొస్తాయి) తీసినవాటిని లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తీసే డీనాయిజ్‌కి ఇస్తే మా పాత లాప్‌టాప్ ఒక్కో ఫొటోకి ఏడెనిమిది నిమిషాలు తింది. డీనాయిజ్ మోతాదు నలభై, యాభై మధ్య ఆపాలి. వందకి తోస్తే ఈకలు ప్లాస్టిక్ పూలలాగా నున్నబడతాయి. డబ్బు పెట్టలేనివాళ్లకి డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అలవాటు పడటానికి ఓపిక కావాలి.

తమ్ముడు మాత్రం ఫోన్లోనే గులాబీరంగు పెంచే గీటుని కుడివైపు కొసకి లాగేశాడు. పులికాట్‌కి ఎక్కువగా వచ్చే పెద్ద రాజహంసలు నిలబడితే దాదాపు తెల్లగానే వుంటాయి, అసలు ఎరుపు రెక్క విప్పినప్పుడే కనపడేది. పిల్లలైతే బూడిదరంగు. పెద్దవాటి ఆ ఎరుపు కూడా తినే నాచు, రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల నుంచి వచ్చేదే. ఇంత చెప్పినా "చూసేవాళ్లకి పింక్ కావాలక్కా" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. దానికి మా పిన్ని నుంచి దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. దాని కింద నా ఫొటోకి వచ్చింది ఒకటే జవాబు: "ఇవి కొంగలా అమ్మాయ్?"