పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరుకు డిస్ట్రిబ్యూటర్ ట్యూనప్ కిట్: క్యాప్ మేలు, కండెన్సర్ అనుమానమే

ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, తొలి 8ఎన్ ట్రాక్టర్లలో ఇంజను ముందు భాగాన, ఫ్యాను వెనుక ఇరుకులో కూర్చుని, స్పార్క్‌ను వరుసగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ కోసం అమ్ముతున్న ఒక ట్యూనప్ కిట్‌ను గురించి ఈ సమీక్ష. కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్ల సెట్టు, ఆ పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్, స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గు వైపు తిప్పే రోటర్, ప్లగ్గు తీగలు తగిలించే క్యాప్, క్యాప్ కింద వేసే గాస్కెట్టు ఇందులో ఉంటాయి. క్యాప్, రోటర్ల కోసమైతే ఈ కిట్ కొనవచ్చు, పాయింట్లు ఫరవాలేదు, కండెన్సర్‌ను మాత్రం పరీక్షించకుండా బిగించకూడదు.

ఆర్డరు చేసేముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 8ఎన్ 1947 నుంచి 1952 వరకు తయారైంది. 1950లో, సీరియల్ నంబరు 263844 నుంచి, డిస్ట్రిబ్యూటర్‌ను ఇంజను ముందు నుంచి పక్కకు మార్చారు. ముందు రకం భాగాలు పక్క రకానికి సరిపోవు; పాయింట్ల గ్యాప్ కూడా మొదటిదానికి 0.015 అంగుళాలు, రెండవదానికి 0.025 అంగుళాలు. ఇన్ని దశాబ్దాలలో ఇంజన్లూ వాటి భాగాలూ మార్చేసి ఉండవచ్చు కనుక సీరియల్ నంబరును నమ్మడం కంటే బానెట్ కిందకు తొంగిచూడడమే మంచిది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ తేడా ఒక్క ముక్క కూడా లేదు. గ్యాప్ అంకె ఒకటి అచ్చువేసి, అది ఏ రకానికి వర్తిస్తుందో చెప్పకపోవడం కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది.

అసలు కిట్ అవసరమా, కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. ట్రాక్టరు నడుస్తూ నడుస్తూ ఆగిపోతే చాలామంది నేరుగా పాయింట్ల మీద పడతారు కానీ, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినా లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంజను ఆగిన వెంటనే, అది వేడిగా ఉండగానే, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొసను ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ఇంజను లోహానికి పావు అంగుళం దూరంలో పట్టుకుని స్టార్టరు తిప్పిస్తే, స్పార్క్ తెల్లగా, నీలంగా గట్టిగా దూకాలి. సన్నగా, పసుపురంగులో వచ్చినా, అసలు రాకపోయినా దోషం ఇగ్నిషన్‌లో ఉన్నట్టు. చల్లారిన తరువాత ఈ పరీక్ష చేస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించి మనల్ని మోసం చేస్తాయి.

ఆ తరువాత మీటరు పని. ఈ ట్రాక్టర్లు ఆరు వోల్టులవి, బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. కరెంటు, దాన్ని అదుపుచేసే బ్యాలస్ట్ రెసిస్టర్ గుండా, స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీని పుట్టించే కాయిల్‌కు వస్తుంది. కీ ఆన్ చేసి, కాయిల్ పైనున్న టెర్మినల్ వద్ద వోల్టేజీ చూస్తూ ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పితే, పాయింట్లు తెరుచుకున్నప్పుడు అది దాదాపు బ్యాటరీ వోల్టేజీకి చేరాలి, మూసుకున్నప్పుడు స్పష్టంగా పడిపోవాలి. ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే పాయింట్ల ముఖాలు ఒకదానికొకటి తగిలినా కరెంటు పారడం లేదు. ఎప్పుడూ తక్కువగానే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ లోపల గానీ, పాయింట్ల కనెక్షన్ చుట్టూ ఉండే ఇన్సులేటర్ వద్ద గానీ కరెంటు బాడీకి పోతోంది. ఆ ఇన్సులేటర్ ముక్క ఈ కిట్‌లో లేదు. పాతబడి పెళుసెక్కే భాగం అదే కాబట్టి దాన్ని కలపకపోవడం తయారీదారు పిసినారితనం అనిపించింది.

ఇక ఒక్కొక్క భాగం సంగతి. క్యాప్‌లో ఇత్తడి కాంటాక్టులు వేశారు, మధ్యనున్న కార్బన్ గుండీ స్ప్రింగు మీద స్వేచ్ఛగా కదులుతోంది. అచ్చు పోసిన చోట్ల పగుళ్లు గానీ, మిగులు ముక్కలు గానీ లేవు. రోటర్ షాఫ్టు మీద బిగుతుగా, ఊగకుండా కూర్చుంది. ఈ రకం డిస్ట్రిబ్యూటర్ ఇంజనుకు అడ్డంగా, కిందకు ఉండడం వల్ల లోపల చెమ్మ పట్టి, క్యాప్ గోడల మీద సన్నని నల్లగీతలు పడి, స్పార్క్ ప్లగ్గులకు చేరకుండా ఆ గీతల వెంట పారిపోతూ ఉంటుంది. అందుకే మంచి క్యాప్, దాని కింద సరిగా కూర్చునే గాస్కెట్టు ఇక్కడ చాలా అవసరం. ఆ రెండూ ఈ కిట్‌లో నిజంగా బాగున్నాయి.

పాయింట్ల విషయంలో ఒక హెచ్చరిక. కాంటాక్టు ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన పలుచని నూనె పొర ఉంటుంది. దాన్ని తుడవకుండా బిగిస్తే కొత్త భాగాలు వేసిన తరువాత ట్రాక్టరు అసలు స్టార్టు కాకపోవచ్చు. శుభ్రమైన తెల్ల అట్టముక్కను ముఖాల మధ్య పెట్టి, దాని మీద మరక పడడం ఆగేవరకు లాగితే చాలు. ఎమెరీ కాగితం వాడకూడదు. దాని రేణువులు ముఖాల్లో కూరుకుపోయి మళ్లీ కొత్త తంటా తెస్తాయి. తిరుగుతూ పాయింట్లను తెరిచే క్యామ్‌కు ఆనుకునే దిమ్మకు బియ్యపు గింజంత గ్రీజు అవసరం, కానీ కిట్‌లో గ్రీజు పొట్లం ఇవ్వలేదు.

అసలు ఫిర్యాదు కండెన్సర్ మీద. పాయింట్లు తెరుచుకునే క్షణంలో కాయిల్ నుంచి ఎగదన్నే కరెంటును తనలోకి తీసుకుని, పాయింట్ల మధ్య మంట రేగకుండా ఆపడమే దీని పని. అది లోపల తెగిపోతే పాయింట్లు త్వరగా కాలి, ప్లగ్గు వద్ద స్పార్క్ బలహీనపడుతుంది. షార్ట్ అయితే స్పార్క్ పూర్తిగా పోతుంది. ఇలాంటి కండెన్సర్ల కెపాసిటీ సాధారణంగా 0.2 నుంచి 0.3 మైక్రోఫారడ్ల మధ్య ఉండాలి. కిట్‌లోనిది చల్లగా ఉన్నప్పుడు ఆ హద్దుల్లోనే చూపింది. బిగించి పొలంలో నడిపాక ఇంజను బాగా వేడెక్కేసరికి తడబడి ఆగింది. వేడి మీదే విప్పి కొలిస్తే ఇన్సులేషన్ లీకు కనిపించింది. తీసి పక్కన పెట్టిన పాత కండెన్సర్‌ను తిరిగి బిగిస్తే ఇబ్బంది లేకుండా నడిచింది. కొత్తదైనంత మాత్రాన పాతదాని కంటే మంచిదని అనుకోవడానికి వీలులేని భాగం ఇదొక్కటే. పాత కండెన్సర్ పనిచేస్తూ ఉంటే దాన్ని కదిలించకుండా, కొత్తదాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి కొలిచి, బాగుంటే పెట్టెలో దాచుకోవడం నయం.

షాఫ్టును ఊగకుండా పట్టి ఉంచే బుష్‌లు అరిగిపోయిన డిస్ట్రిబ్యూటర్‌కు ఏ కిట్టూ మందు కాదు. క్యామ్ నాలుగు అంచుల మీదా గ్యాప్ కొలిచి, షాఫ్టును పక్కలకు నెట్టి మళ్లీ కొలవాలి. అంకెలు మారుతూ ఉంటే ముందు బుష్‌లు మార్చాలి. రోటర్‌ను కొద్దిగా తిప్పి వదిలితే అది స్ప్రింగు బలంతో వెనక్కి రావాలి. రాకపోతే వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే, కిందనున్న అడ్వాన్స్ బరువులు తుప్పుతో పట్టేశాయి.

ఈ ముందు రకంలో పాయింట్లు సరిచేయడానికి డిస్ట్రిబ్యూటర్‌ను రెండు బోల్టులు విప్పి బల్ల మీదకు తెచ్చుకోవడమే సుఖం. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, కూడా మారుతుంది కనుక ముందు గ్యాప్, తరువాత టైమింగ్ చూసుకోవాలి. షాఫ్టు చివరి నాలుక మధ్యకు కాక ఒక పక్కకు ఉంటుంది, అందువల్ల అది క్యామ్ షాఫ్టు గాడిలో ఒకే తీరున కూర్చుంటుంది. అది కూర్చోకముందే బోల్టులు బిగించి లాగితే డిస్ట్రిబ్యూటర్ బాడీ విరుగుతుంది. ప్లగ్గు తీగలను 1-2-4-3 వరుసలో కలపాలి.

కొంతకాలం నడిపాక గ్యాప్ మళ్లీ చూస్తే 0.012 అంగుళాలకు తగ్గి ఉంది. పాయింట్ల దిమ్మ తొందరగా అరుగుతోందన్నమాట. గ్యాప్ తగ్గిన కొద్దీ స్పార్క్ ఆలస్యమై, ఇంజను బరువు లాగేటప్పుడు నీరసిస్తుంది. మొదటి అరుగుదల తరువాత అది నిలకడకు రావచ్చు, కానీ ఒక్కసారి సరిచేసి మరిచిపోయే రకం మాత్రం కాదు. ఇదే తయారీదారు క్యాప్‌నూ రోటర్‌నూ విడిగా అమ్మితే మళ్లీ అవే కొంటాను. పాయింట్లు, కండెన్సర్ మాత్రం వేరేచోట చూసుకుంటాను.