నాలుగేళ్లు ఫ్రీ రౌటర్, ఏడాదిన్నర ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి బదులు మనం వేసుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్) ఉన్న రౌటర్‌కి మారకముందు, నెట్ కనెక్షన్‌తో పాటు ఫ్రీగా ఇచ్చిన వైఫై రౌటర్‌ను నాలుగేళ్లు వాడాను. ఏ కంపెనీదో చెప్పను. సిగ్నల్‌కి వంక పెట్టడానికి లేదు, హాల్లో పెడితే పెరటి దాకా వచ్చేది. కరెంటు పోయి వచ్చినా నిమిషంలో నెట్ వచ్చేసేది. దాని జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు. కొంప ముంచింది అదే.

మూడో ఏడాదిలో ఇంట్లో అందరి ఫోన్లలోనూ పిచ్చి యాడ్‌లు మొదలయ్యాయి. న్యూస్ సైటు నొక్కితే రమ్మీ పేజీ వస్తుంది. నాన్న ఫోన్లో వైరస్ అనుకుని రీసెట్ చేసేశాను (వాట్సాప్ ఫోటోలు పోయాయని ఇప్పటికీ దెప్పుతుంటారు). అయినా తగ్గలేదు. మొబైల్ డేటా మీద మాత్రం అన్నీ మామూలే. అప్పుడు గానీ రౌటర్ మీదికి అనుమానం పోలేదు. బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగ్స్ పేజీ అడ్రస్ 192.168.1.1 కొట్టి, యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఇస్తే లోపలికి వెళ్లిపోయాను. డీఎన్ఎస్ గడుల్లో నేను పెట్టని నంబర్లు రెండున్నాయి. సైటు పేరు కొడితే దాని అడ్రస్ చెప్పేది డీఎన్ఎస్సే. అది ఎవడి చేతిలో ఉంటే వాడు పంపిన చోటికే మనం వెళ్తాం. బ్యాంకు సైటైతే సర్టిఫికెట్ తప్పని బ్రౌజర్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ నాన్న ఆ హెచ్చరికను కూడా నొక్కి దాటేసే రకం.

బయటివాళ్లు ఎలా వచ్చారంటే, రిమోట్ మేనేజ్‌మెంట్ (రౌటర్ సెట్టింగ్స్‌ని ఇంటర్నెట్ నుంచి మార్చే వీలు) ఆన్‌లో ఉంది. పైగా సీసీ కెమెరాల కోసం స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని నెట్ అడ్రస్, తీసుకున్నాం. కెమెరాలు బిగించిన అబ్బాయి డీవీఆర్‌కి (కెమెరా వీడియోలు రికార్డు చేసే పెట్టె) పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా దాన్ని చేరే దారి, పెట్టి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే వదిలేసి వెళ్లాడు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను పట్టింది ఇలాంటి ఓ 60 ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే.

ఇంకోటి, మన దగ్గర మరీ ఎక్కువ: వైఫై పాస్‌వర్డ్‌గా కస్టమర్ మొబైల్ నంబర్ పెట్టేయడం. మాదీ అంతే. పది అంకెలు కదా, గట్టిదే అనిపిస్తుంది. కానీ మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి ఉన్నవి 400 కోట్లే. ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు నడిచే సంభాషణను ఒక్కసారి పట్టుకుంటే చాలు, మిగతాది ఇంటికెళ్లి మంచి గ్రాఫిక్స్ కార్డు మీద ఒక్కో నంబరూ వేసి చూసి తేల్చుకోవచ్చు. కొన్ని గంటల పని. పక్కింటివాళ్లకైతే మన నంబర్ తెలిసే ఉంటుంది, ఆ కష్టం కూడా అక్కర్లేదు.

ఆ డీఎన్ఎస్ నంబర్లు తీసేసి, పాస్‌వర్డ్‌లు మార్చి, రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యేది), యూపీఎన్‌పీ (ఇంట్లోని పరికరాలు మనల్ని అడగకుండానే రౌటర్‌లో బయటికి దారి తెరిచేది) ఆఫ్ చేశాక యాడ్‌లు ఆగాయి. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ మాత్రం 2019 దగ్గరే ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఆటోమేటిగ్గా వస్తుంది సార్" అన్నారు. ఏడాది చూశాను, రాలేదు. అప్పుడే వేరే రౌటర్ కొని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను. పాతది బ్రిడ్జ్ మోడ్‌లో ఉంది, అంటే నెట్‌ని కొత్తదానికి అందించడమే దాని పని. "బ్రిడ్జ్‌లో పెడితే తర్వాత మాకు ఫోన్ చేయొద్దు సార్" అంటూనే పెట్టి వెళ్లాడు టెక్నీషియన్.

ఏడాదిన్నర వాడాక చెబుతున్నా, ఇది అందరికీ కాదు. వేయగానే వైఫై ఆఫ్‌లో ఉంటుంది, కేబుల్ పెట్టి మనమే ఆన్ చేసుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఖాళీయే, మొదట అది పెట్టుకోవాలి. యూపీఎన్‌పీ మాత్రం అసలు ఉండదు, కావాలనుకుంటే వేసుకోవాలి. గెస్ట్ నెట్‌వర్క్ (మిగతా ఇంటి పరికరాలను చేరలేని విడి వైఫై) పెట్టడానికి నాకు ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది, మధ్యలో రెండుసార్లు నన్ను నేనే బయటికి లాక్ చేసుకున్నాను. కొనేముందు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ చూసుకోండి. ఒకే మోడల్‌లో ఒక వెర్షన్‌కి పనిచేసేది ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. అప్‌డేట్‌లు మాత్రం వస్తున్నాయి, నాకు కావాల్సింది అదే. అయితే ఒక్కోసారి విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి, మళ్లీ వేసుకోవాలి.

ఇంత ఓపిక లేనివాళ్లు, ఆటో అప్‌డేట్ ఉన్న రౌటర్ కొని, ఎన్నేళ్లు అప్‌డేట్ ఇస్తారో ముందే అడగండి. యాంటెనాలు నాలుగా ఆరా అన్నది తర్వాత.

డీవీఆర్, టీవీ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేశాను, బయట ఉన్నప్పుడు కెమెరాలు వీపీఎన్‌తో (ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్యంగా వెళ్లే దారి) చూస్తాను. ఫోన్లన్నీ వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 మీదకి మారాయి. అమ్మ గదిలోని పాత టీవీ ఒక్కటే మొరాయించింది, దానికోసం గెస్ట్ నెట్‌వర్క్‌ని పాత పద్ధతి డబ్ల్యూపీఏ2లోనే ఉంచాను. సీరియల్స్ టైములో ఆ టీవీ జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు.