పాత కారుకు ఏది మేలు? ఈ20 పెట్రోలా, ఇథనాల్ లేని 100 ఆక్టేనా?

"మాది 2015 మోడల్ అన్నా. ఈ20 కొట్టిస్తే ఇంజిన్ పోతుందంటున్నారు. 100 ఆక్టేన్‌కి మారిపోమంటావా?" ఈమధ్య నన్ను కార్ల గురించి అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. కారు పేరు మారుతుంది, మోడల్ మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది కనుక ఇక్కడ రాసేస్తున్నాను. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు; ఈ10, ఈ5 వగైరాల్లోనూ ఆ అంకె ఇథనాల్ శాతమే. ఆక్టేన్ అంటే ఇంజిన్‌లో ముందుగానే మండిపోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. అంతకు మించి ఇథనాల్ ఎలా తయారవుతుంది, ఎందుకు కలుపుతున్నారు అనే పాఠం జోలికి వెళ్లను. అది ఈపాటికి అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది.

ముందుగా ఈ గొడవ అక్కర్లేనివాళ్లను పంపించేద్దాం. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పెట్రోలు పైపులు, సీళ్లు, వాషర్లు ఈ20ని తట్టుకునేవే వేస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి వచ్చినవాటిలో ఇంజిన్ ట్యూనింగ్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పెట్రోలు మూత దగ్గర స్టిక్కర్ చూడండి, లేదంటే కారుతో వచ్చిన పుస్తకం తిరగేయండి. ఈ20 అని ఉంటే మామూలు పెట్రోలు కొట్టించుకుని హాయిగా తిరగండి. ఒక్క జాగ్రత్త: ఆర్సీలో చూడాల్సింది రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన నెల. పాత స్టాకు మీద తగ్గింపు ఇస్తున్నారని 2023 వేసవిలో కొన్న కారు అంతకుముందే తయారై ఉండొచ్చు.

మిగిలినవాళ్లకు బంకులో ఎన్ని దారులున్నాయి? ఉన్నవి రెండే. 2022 జూన్ నాటికి దేశమంతటా పది శాతం కలిపేశారు. 2023 ఫిబ్రవరిలో 84 బంకుల్లో మొదలైన ఈ20, 2025 కల్లా అన్నిచోట్లా మామూలు పెట్రోలైపోయింది. పాత ఈ10 కావాలన్నా దొరకదు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 సెప్టెంబరు 1న ఆ పిటిషన్ కొట్టేశారు. ఇక మిగిలింది 100 ఆక్టేన్ ఒక్కటే. ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100 చాలామందికి తెలుసు, మిగతా కంపెనీలకూ ఇలాంటి రకాలున్నాయి. 95 అంకె ఉన్న ప్రీమియం పెట్రోలును చూసి మాత్రం మోసపోకండి. లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ ఇచ్చి ఇథనాల్ తప్పించుకున్నామనుకునేవాళ్లు నాకు చాలామంది తగిలారు. అందులోనూ ఇథనాల్ ఉంటుంది. 100 కొట్టించేటప్పుడు కూడా "ఇథనాల్ లేదు కదా" అని అడిగి కొట్టించండి, అడిగితే పోయేదేమీ లేదు.

డల్లాస్‌లో ఉండే బంధువులు "మేం ఎప్పటినుంచో ఇథనాల్ పెట్రోలే వాడుతున్నాం, మీకెందుకింత టెన్షన్" అంటుంటారు. వాళ్ల మామూలు పెట్రోలు ఈ10. ఈ15 కావాలంటే అది వేరే మీట నొక్కి కొట్టించుకోవాలి, అదీ 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును ఈ10 చేసినప్పుడు పాత కార్లవాళ్ల కోసం సూపర్ రకంలో ఈ5 ఉంచారు. బ్రెజిల్‌ది వేరే కథ. వాళ్లు ఏళ్ల తరబడి 27 శాతం వాడి, 2025 ఆగస్టులో 30కి వెళ్లారు. కానీ అక్కడ కార్లు దశాబ్దాలుగా అందుకు తగినట్టే తయారవుతున్నాయి. మన దగ్గర పెట్రోలు ముందు మారింది, రోడ్డు మీది కార్లలో ఎక్కువ భాగం ఇంకా మారలేదు. చిక్కంతా అక్కడుంది.

ఇప్పుడు మైలేజీ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి సుమారు మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ తగ్గదు అనే మాట ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదు. ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న. నీతి ఆయోగ్ 2021లో వేసిన నివేదికలో ఈ10కి ట్యూన్ చేసిన పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం తయారై ఈ20కి ట్యూన్ చేసినవాటికి 1 నుంచి 2 శాతం అని అంచనా ఇచ్చారు. లీటరుకు 15 ఇచ్చే కారు 14 ఇస్తుందన్నమాట. "నా కారు 18 నుంచి 12కి పడిపోయింది" అనేవాళ్లు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ట్రాఫిక్ కూడా ఒకసారి చూసుకోవాలి. అంత తేడా ఇథనాల్ ఒక్కదానివల్ల రాదు.

డబ్బు సంగతికొస్తే నా ఫిర్యాదు వేరే ఉంది. శక్తి తక్కువున్న సరుకు కలిపినప్పుడు ధర కూడా కాస్త తగ్గాలి కదా? తగ్గలేదు. ఇథనాల్ కొనుగోలు ధరే సగటున లీటరుకు 71 రూపాయలు దాటిందని 2025లో ప్రభుత్వమే చెప్పింది, పన్నులు లేని పెట్రోలు కంటే అది చవక కాదు. రైతుకు మేలు అంటారు. మొక్కజొన్నకు గిరాకీ పెరిగిన మాట నిజమే. ఇథనాల్ ఫ్యాక్టరీలు మా ఊళ్లో వద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులో జనం రోడ్డెక్కిన మాటా నిజమే. అదంతా ఇంకో వ్యాసం.

ఇంజిన్ పోతుందా? రోజూ తిరిగే ఇంజెక్షన్ కారైతే, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మేదైతే, పోదు. సైలెన్సర్ వైపు ఉండే ఆక్సిజన్ సెన్సర్, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని గమనించి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే ఆ కంప్యూటర్‌కి, చెబుతుంది, అది ఇంజెక్టర్‌ని ఇంకాస్త ఎక్కువసేపు తెరుస్తుంది. పది నుంచి ఇరవై శాతానికి వెళ్లినప్పుడు కావలసిన సర్దుబాటు నాలుగైదు శాతానికి మించదు, అది దాని చేతిలో పనే. కార్బురేటర్ బళ్లకు ఈ తెలివి లేదు. పాత మారుతి 800, అంబాసిడర్, పద్మిని ముచ్చటగా దాచుకున్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపి 100 ఆక్టేన్ కొట్టించుకోండి, లేదంటే తెలిసిన మెకానిక్‌తో కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, అదే జెట్లు, మార్పించుకోండి.

అరిగేది ఇంజిన్ కాదు, దానికి పెట్రోలు తెచ్చే దారి. ఇథనాల్‌కి మామూలు రబ్బరు ఉబ్బుతుంది, గట్టిపడి పగుళ్లిస్తుంది. పాత ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. పెట్రోలియం శాఖ కూడా కొన్ని పాత బళ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో ఒప్పుకుంది. ఈ20 వాడితే ఇన్సూరెన్స్ చెల్లదన్న పుకారును అప్పుడే ఖండించింది కూడా. కాబట్టి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా "పెట్రోలు పైపులు, ఓ-రింగులు చూడండి" అని నోటితో చెప్పాలి. చెప్పకపోతే చూడరు. కారు దగ్గర పెట్రోలు వాసన వస్తే మాత్రం సర్వీసు దాకా ఆగొద్దు.

ఇంతవరకు చెప్పినవేవీ నా దృష్టిలో అసలు విషయం కాదు. నన్నడిగితే కారు ఏ ఏడాదిది అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: ట్యాంకులో పోసిన పెట్రోలు ఎన్నాళ్లకు ఖర్చవుతుంది?

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి నాలుగు చుక్కలు నీళ్లు చేరితే మామూలు పెట్రోలులో అవి అడుగున అలాగే పడుంటాయి. ఇథనాల్ ఉంటే ముందు కలిసిపోతాయి, ఏమీ తెలియదు. నిజానికి ఈ20 ఆ మాటకొస్తే ఈ10 కంటే ఎక్కువ నీటినే కలుపుకోగలదు. కానీ హద్దు దాటిందా, నీళ్లు ఒక్కటే విడిపోవు, ఇథనాల్‌ని వెంటబెట్టుకుని అడుక్కి దిగుతాయి. గ్లాసుడు నీళ్లు లీటర్ల కొద్దీ అడుగు పొరగా మారేది అందుకే. పంపు లాగేది కూడా అడుగునుంచే. ఆ పొరతో ఇంజిన్ నడవదు, ఇనుము తుప్పు పడుతుంది. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ కూడా తగ్గిపోతుంది. రోజూ తిరిగే కారులో ఈ పరిస్థితి రాదు, ఎందుకంటే వారం పది రోజుల్లో ఆ పెట్రోలు మండిపోయి కొత్తది వస్తుంది. మూత బిగుతుగా ఉండే ఇప్పటి ట్యాంకుల్లో గాలిలోంచి తేమ చేరడం నెమ్మదే. పాత ట్యాంకులు, సముద్రపు గాలి, వానాకాలం, నెలల తరబడి కదలని కారు, ఈ నాలుగూ కలిసినప్పుడే ప్రమాదం.

మన ఊళ్లలో ఇలాంటి కార్లు తక్కువేం కాదు. కొడుకు అమెరికా వెళ్తూ అమ్మానాన్నలకు వదిలివెళ్లిన కారు, గుడికీ ఆసుపత్రికీ తప్ప బయటికి రానిది. పండక్కి వచ్చినప్పుడు తీస్తే స్టార్ట్ కాదు. "బ్యాటరీ పోయింది" అని మార్చుకుంటారు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ షెడ్డులోనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. మామూలు పెట్రోలు లీటరు 107, 100 ఆక్టేన్ 160 అనుకుందాం, మీ ఊరి ధర వేసుకుని చూసుకోవచ్చు. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే కారు ఈ20 మీద లీటరుకు 14 ఇస్తే 714 లీటర్లు, 76 వేల చిల్లర. అదే కారు 100 ఆక్టేన్ మీద 15.5 ఇచ్చినా 645 లీటర్లు, లక్షా మూడు వేలు. తేడా 27 వేలు. ఆ డబ్బులో ఏటా పైపులు, గ్యాస్కెట్లు మార్పించి, పంపు కూడా కొత్తది వేయించుకోవచ్చు. పైగా మామూలు ఇంజిన్‌కి 100 ఆక్టేన్ వల్ల పికప్ ఏమీ పెరగదు. ఆ ఆక్టేన్ అవసరమయ్యేది ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఖరీదైన ఇంజిన్లకు. మనం అక్కడ డబ్బు పెట్టేది ఇథనాల్ లేనందుకు మాత్రమే.

అదే ఏడాదికి వెయ్యి కిలోమీటర్లే కదిలే కారైతే? ఈ20 మీద 7,600, 100 ఆక్టేన్ మీద 10,300. తేడా 2,700. ఒకసారి ట్యాంకు దించి కడిగించే ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద లెక్క కాదు. ఎవరికి ఇథనాల్ లేని పెట్రోలు నిజంగా అవసరమో వాళ్లకు దాని ఖర్చు భారం కాదు. ఎవరికి భారమో వాళ్లకు అవసరమే లేదు.

మా ఇంట్లో అందుకే రెండు పద్ధతులు. నేను రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే 2014 కారులో బంకులో ఏది వస్తే అదే. ఎప్పుడో గానీ కదలని నాన్నగారి కారుకు ఆయన దగ్గర్లోని సిటీకి వెళ్లినప్పుడు 100 ఆక్టేన్ ట్యాంకు నిండా పోయిస్తారు. నిండా అనేది ముఖ్యం, ఖాళీ ఉన్నంత మేరా తేమ గాలికి చోటున్నట్టే. ఇథనాల్ లేని పెట్రోలు కూడా నెలల తరబడి నిలవుంటే పాడవుతుంది, కాకపోతే పైన చెప్పినట్టు పొరలుగా విడిపోదు.

ఇంకొన్ని దారులు అడుగుతారు. సగం ఈ20, సగం 100 ఆక్టేన్ కలిపితే దాదాపు ఈ10 అవుతుంది. లెక్క సరైనదే, కానీ రోజూ తిరిగే కారుకు అనవసరం, నిలిచిపోయే కారుకు చాలదు. ఇథనాల్ చెడుకు విరుగుడని సీసాల్లో అమ్మే మందులు మైలేజీ తెచ్చిపెట్టవు, డబ్బులుంటే పోసుకోండి. సీఎన్‌జీ చౌకే, కానీ డిక్కీ పోతుంది, తక్కువ తిరిగేవాళ్లకు కిట్టు ఖర్చు తేలదు. దీనికోసమే కారు మార్చేయడం దండగ.

100 ఆక్టేన్ దొరకని ఊళ్లో కారు ఊరికే నిలిచి ఉంటే, వారానికోసారి ఇరవై కిలోమీటర్లయినా నడిపించండి. ఇంటి ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. అమ్మకాలు బాగా జరిగే బంకులోనే కొట్టించండి. పెద్ద వాన పడిన మర్నాడు, ట్యాంకర్ దించుతున్న సమయంలో కొట్టించకండి. అనుమానం వస్తే గాజు సీసాలో అర లీటరు పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, అడుగున గీత కనిపిస్తే బిల్లు దాచి బంకు మేనేజర్‌కి అక్కడే చూపించండి. నాలుగైదు నెలలుగా కదలని కారైతే తాళం తిప్పకముందే మెకానిక్‌ని పిలిచి ట్యాంకు అడుగు పెట్రోలు తీయించండి. ఒక్కసారి సెల్ఫ్ కొట్టారంటే ఆ నీళ్లు పంపులోకి, ఇంజెక్టర్లలోకి వెళ్లిపోతాయి, అప్పుడు బిల్లు వేలల్లోకి పోతుంది.