కారు బీడింగ్ తెల్లబారితే ఏది మేలు: పాలిషా, వాటర్ పేపరా, స్టిక్కరా?

చెన్నైలో సముద్రం పక్కన కారు నిలిపేవాళ్లకి కిటికీల చుట్టూ ఉండే వెండిరంగు బీడింగ్ తెల్లటి మచ్చలు తేలడం కొత్తేమీ కాదు. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు, నీలాంకరై వైపైతే మరీను. ఉప్పుగాలిని మనం ఆపలేం. కానీ ఇంకో కారణం మన చేతిలోదే. ఆర్వో మిషన్ వదిలే వేస్టు నీళ్లు పారబోయడం ఎందుకని బకెట్లకి పట్టి, వాటితోనే కారు కడిగిస్తుంటారు. ఆ మిషన్‌లోకి వెళ్లిన బోరు నీళ్లకన్నా బయటికొచ్చే వేస్టులోనే ఉప్పు ఎక్కువ. అది బీడింగ్ అంచుల్లో ఎండిపోయి మెల్లగా తినేస్తుంది. ఆ నీళ్లు గచ్చు కడగడానికి వాడుకోండి, కారుకి వద్దు.

ఏ పద్ధతైనా ముందు అది అల్యూమినియమేనా అని చూసుకోవాలి. అయస్కాంతం అంటుకుంటే స్టీలు. అంటుకోకపోయినా అల్యూమినియమే అనుకోకండి, క్రోమ్ పూసిన ప్లాస్టిక్కూ, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలూ అంటుకోవు. కంటికి కనపడని మూల చిటికెడు మెటల్ పాలిష్ వేసి పాత బనియన్ గుడ్డతో రుద్దండి. గుడ్డ నల్లగా అయితే అది ఉత్త అల్యూమినియం. నల్లబడకపోతే అది అల్యూమినియమే కాకపోవచ్చు, లేదా పైన ఆనోడైజింగ్ పొరో (అల్యూమినియం మీద కరెంటుతో పెంచిన గట్టి ఆక్సైడ్ పొర), క్లియర్ లక్కరో (రంగులేని వార్నిష్ లాంటి పూత) ఉన్నట్టు. మల్టీమీటర్ (కరెంటు పోతుందో లేదో చూపే మీటరు) ఉంటే దాని రెండు తీగల మొనలూ గుచ్చకుండా తేలిగ్గా ఆనించండి. ఆనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు కాబట్టి మీటరు కదలదు. అసలు తీర్పంతా ఈ పరీక్షలోనే ఉంది.

ఉత్త అల్యూమినియం అయి, చెయ్యి పెడితే నున్నగానే తగులుతుంటే ఆటోసోల్ లాంటి మెటల్ పాలిష్ పేస్టు చాలు. తిరువొత్తియూరులో పుట్టిన పాత బుల్లెట్ల ఇంజను కవర్లకి చేసే సేవ ఇదే. ఓ సాయంత్రం పని, ఖర్చు తక్కువ, మెరుపు అద్దంలా వస్తుంది. కానీ ఆ మెరుపు మీద కాపలా ఏమీ ఉండదు. వ్యాక్స్ వేసి, అది పోయినప్పుడల్లా మళ్లీ వేస్తూ ఉంటేనే నిలుస్తుంది. ఆదివారం బండి తుడవడం ఇష్టమైన వాళ్లకి ఇదే మేలు. తక్కినవాళ్లకి కాదు.

గోటికి గరుకుగా గుంటలు తగిలితే పేస్టు పని చెయ్యదు, వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాల్సిందే. పక్కన పెయింటుకీ రబ్బరుకీ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. పేపరు నంబరు పెరిగేకొద్దీ నున్నన. గుంటలు లోతుగా ఉంటే 400తో, లేకపోతే 600తో మొదలుపెట్టి 800, 1000, 1500, 2000 దాకా వెళ్లాలి. సబ్బునీళ్లు చల్లుతూ ఎప్పుడూ బీడింగ్ పొడుగునే రుద్దాలి, అడ్డంగా కాదు. బూడిదరంగు బురద తుడిచి, టార్చి ఏటవాలుగా కొట్టి, ముందు పేపరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది అందుకోండి. ఇక్కడ తొందరపడితే, ఆఖర్న బఫింగ్ (గుడ్డచక్రంతో మెరుగుపెట్టడం) చేశాక ఆ 400 గీతలే ఎండలో దర్జాగా కనిపిస్తాయి. డ్రిల్లుకి గుడ్డచక్రం తగిలిస్తే ఒకే చోట ఆపొద్దు, పల్చటి రేకు వేడెక్కి పక్కన పెయింటు పాడవుతుంది.

ఆనోడైజింగ్ ఉన్నదాన్ని ఇలా రుద్దితే వేరే చిక్కు. ఆ పొర సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లే, ఒక చోట పోయి ఇంకో చోట మిగిలితే బీడింగ్ చారలు చారలుగా తయారవుతుంది. మొదలుపెట్టారంటే మొత్తం తీసెయ్యాలి. తీసేశాక అది ఉత్త అల్యూమినియం, సముద్రపుగాలికి ఇంకా అలుసు. అందుకే బీచి దగ్గరుండేవాళ్లకి నేను దీన్ని చెప్పను.

ఇత్తడి చెంబుకి చింతపండు పెట్టినట్టు దీనికీ ఆమ్లమేదో పెడదామనుకునేవాళ్లు ఉంటారు. కొన్ని వీల్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం దాటి ఎముక దాకా పోతుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, కారు అద్దాన్ని కూడా తినేస్తుంది. డ్రైనేజీకి పోసే కాస్టిక్ పొడీ అంతే. పొర ఊడుతుంది నిజమే, దాంతోపాటు కింది లోహమూ కరుగుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. రెండూ వద్దు.

బీడింగ్ ఊడదీసి మళ్లీ ఆనోడైజింగ్ చేయించడం అసలైన వైద్యం. అంబత్తూరు, గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్ల వైపు వాకబు చేయండి. బఫింగ్ అయ్యాక సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలో కరెంటు పెట్టి పొర పెంచుతారు, మరిగే నీళ్లలో ముంచి దాని రంధ్రాలు మూస్తారు. పోతపోసిన ముక్కలైతే సిలికాన్ వల్ల బూడిదరంగు తేలుతుంది, ముందే అడగండి. కారు ఇంకా చాలా ఏళ్లు ఉంచుకుంటామంటేనే ఈ ఖర్చుకి అర్థం.

రోజూ ఆఫీసుకి తిప్పే కారైతే మాత్రం నా ఓటు నల్ల స్టిక్కర్‌కే. మెరుపు తిరిగి రాదు, దాని అవసరమే ఉండదు. ఎండకి కొన్నాళ్లకి అంచులు లేస్తాయి, అప్పుడు మార్చుకోవడమే. ఒక్క షరతు: కింద ఉన్న తెల్లపొడి పూర్తిగా రుద్ది, కడిగి, ఆరబెట్టాకే అంటించాలి. చాలా షాపులు ఈ పని ఎగ్గొట్టి పైపైన అంటించేస్తాయి, ఆ చిలుం లోపల పెరిగి బుడగలొస్తాయి. దగ్గరుండి చేయించుకోండి.

గుంటలు మరీ లోతైతే పాత కార్ల సామాన్లమ్మే పుదుపేటలో పాత బీడింగ్ వెతుక్కోవడం నయం. బీడింగ్ ఊడదీసే ముందు మాత్రం స్పేర్ పార్టుల షాపులుండే జీపీ రోడ్డులో మీ మోడల్ క్లిప్పులు దొరుకుతాయో లేదో కనుక్కోండి. పాతవి తీస్తుంటేనే విరుగుతాయి.